ఒక్కటీ కుళ్ళని వరుస

పన్నెండింటికి జీపు బయల్దేరుతుంది. ఈలోపు హుల్కర్ సంతకం పెడితే డెబ్బై రెండేళ్ళ మత్యాకుబ్ హంతకుడి లెక్కన ఉర్గెంచ్ జైలుకి పోతాడు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో పైవాళ్ళకి కాగితం మీద చెప్పుకోవాలి. ఆ ముసలాడి ఊపిరితిత్తులు జైలు చలిని ఒక్క నెల కూడా తట్టుకోవని ఆసుపత్రి చీటీ ఆమె సంచీలోనే ఉంది. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

"ఒక్క సంతకానికి ఇంతదూరం రావాలా అక్కా? కాగితం నేనే పంపించేవాణ్ణిగా!" అన్నాడు కెప్టెన్ దవ్రాన్ జీపు దిగుతూ. జిల్లా పోలీసుల్లో వాడంత చురుకైనవాడు లేడని పేరు. కేసు చేతికొచ్చిన రోజే మూసెయ్యడం వాడికి సరదా.

"కాగితం చదివే వచ్చాను," అంది హుల్కర్. ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా దర్యాప్తులు చేస్తున్న మనిషి. "నీ కాగితంలో అన్నీ ఉన్నాయి కెప్టెన్. ఒక్క అనుమానం తప్ప."

"వాడే ఒప్పుకున్నాక అనుమానం దేనికి?"

"అందుకే."

తాష్‌యాప్ ఊరి రైతుసంఘం వాళ్ళ ఖర్బూజాలు నిలవుంచే కొట్టు గేటు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. గుడ్డలో చుట్టిన రొట్టె గుండెకి హత్తుకుని ఉన్న మనిషి సనోబర్, మత్యాకుబ్ కోడలు. మొగుడు పోయి మూడేళ్ళయింది. పక్కన తోలుకోటు వేసుకున్న నిలువెత్తు మనిషి బెక్చాన్, సంఘం అధ్యక్షుడు.

"అక్కా, మా మావయ్యకి ఈ రొట్టె ఇవ్వనివ్వండి. నిన్నట్నించీ ఏం తిన్లేదు," అంది సనోబర్. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "ఆయన చంపలేదక్కా. కుళ్ళిన కాయనైనా విసిరి పారెయ్యడు మా మావయ్య. వంగి కింద పెడతాడు."

"ఊరుకోమ్మా," అన్నాడు బెక్చాన్ మెత్తగా. "మేమంతా పెద్దాయన చేతుల్లో పెరిగినవాళ్ళం మేడమ్. ఏదో ఆవేశంలో జరిగిపోయుంటుంది. లాయరు సంగతి సంఘం చూసుకుంటుంది."

హుల్కర్ రొట్టె అందుకుంది. "నేనిస్తాలే. నువ్వు మాత్రం ఇక్కణ్ణించి కదలకు సనోబర్. గంటలో నీతో మాట్లాడాలి."

జరిగింది ఇది. ఈ సంఘం వాళ్ళది మందు చుక్క తగలని పంట. దానికి సేంద్రియ ముద్ర ఉంది. అక్టోబరులో కోసి కొట్టులో వేలాడదీసిన ఖర్బూజాలు మార్చిలో వచ్చే నవ్రోజ్ పండక్కి దించుతారు. తాజా కాయ అన్నది కంటికి కనబడని ఆ రోజుల్లో ఈ కాయలు బంగారంలా అమ్ముడవుతాయి. దించేముందు ముద్ర ఇచ్చే సంస్థ నించి తనిఖీ అధికారి వచ్చి నాణ్యత చూసుకుని పోతాడు. ఈసారి వచ్చినవాడు ఇజ్జత్ అనే కుర్ర అధికారి. నిన్న మధ్యాహ్నం పన్నెండూ నలభైకి కొట్టులోకి వెళ్ళాడు. తాళం తీసిచ్చి మత్యాకుబ్ నమాజుకి పోయాడు. అటునించి పక్కవీధిలో ఎవరిదో సంవత్సరీకం భోజనానికి వెళ్ళి, ఒంటిగంటా యాభైకి తిరిగొచ్చాడు. అప్పటికి ఇజ్జత్ తలపగిలి చచ్చి పడున్నాడు. రెండూ ముప్పై అయిదుకి దవ్రాన్ వచ్చేసరికి నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. ముసలాడు గుమ్మంలో కూచుని "నేనే చంపాను" అన్నాడు.

"అడక్కముందే భుజాలు తడుముకున్నాడు," అన్నాడు దవ్రాన్ తలుపు తోస్తూ. "మసీదు నించి భోజనాల ఇంటికి అయిదు నిమిషాల నడక. ఇతగాడికి పాతిక నిమిషాలు పట్టింది. మధ్యలో వచ్చి పని కానిచ్చాడు. ఇంకేం కావాలి?"

"డెబ్బై రెండేళ్ళవాడు, దగ్గుతో నడిచేవాడు. పాతిక కాక ఎంత పడుతుంది?"

లోపల చల్లగా, చీకటిగా ఉంది. మట్టిగోడలు, కిటికీలు లేవు, కప్పులో నాలుగు గాలికన్నాలు. దూలాలకి జమ్ముతో అల్లిన ఉట్లు వేలాడుతున్నాయి. ఒక్కో ఉట్టిలో ఒక్కో కాయ. తొమ్మిది వరుసలు. తీపి వాసన గుప్పుమంది. చచ్చిన మనిషి పడున్న చోట ఇలాంటి వాసనేమిట్రా దేవుడా అనుకుంది హుల్కర్.

"ఇదిగో, ఏడో వరుస," దవ్రాన్ టార్చి కొట్టి చూపించాడు. ఒక ఉట్టి ఖాళీగా ఊగుతోంది. "దీంట్లో కాయ తీసి నెత్తిన మోదాడు. ఎనిమిది కిలోలుంటుంది. కాయా పగిలింది, తలా పగిలింది."

"డాక్టరేమన్నాడు?"

"ఏదో అన్నాడు."

"నేను చెప్తా విను. దెబ్బ రెండంగుళాల వెడల్పు లేదు, లోతుగా దిగింది. ఖర్బూజాతో కొడితే నలుగుతుందయ్యా, అలా దిగదు." మూలనున్న పంగలకర్ర అందుకుంది. పై దూలానికి ఉట్టి తగిలించడానికి వాడేది. కర్రంతా ఏళ్ళ తరబడి చేతులు తగిలి నల్లగా నిగనిగలాడుతోంది. కొసన పంగ మాత్రం తెల్లగా, కత్తితో కొత్తగా చెక్కినట్టు ఉంది. "ఇది చూశావా?"

దవ్రాన్ చూడలేదు. "అయితే దీంతోనే కొట్టాడు. మనిషి మారడుగా!" అన్నాడు తడుముకోకుండా.

"ఊడ్చిందంతా ఎక్కడ పోశాడు?"

"వెనక చెత్తగుంటలో. సాక్ష్యం మాయం చేశాడని అది కూడా రాశాను."

గుంట దగ్గర హుల్కర్ మోకాళ్ళమీద కూచుంది. చేతికి తొడుగు వేసుకుని బూడిదలోంచి తొక్కముక్కలు ఒక్కొక్కటే ఏరింది. తొక్కలతో పాటు గుజ్జు, గుజ్జు నిండా గింజలు. పిడికెడు, రెండు పిడికిళ్ళు, మొత్తం గింజలన్నీ. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు దవ్రాన్.

"మీ ఇంట్లో ఖర్బూజా కోస్తే గింజలేం చేస్తారు?"

"కడిగి ఆరబెడుతుంది మా అమ్మ."

"ఊళ్ళో ఎవరింటికైనా విందుకెళ్ళి తింటే?"

"గింజలు వాళ్ళకే వదిలేసి రావాలి. తీసుకొస్తే తిడతారు." దవ్రాన్ కాస్త చిరాకు పడ్డాడు. "అయితే ఏంటక్కా?"

"యాభై ఏళ్ళుగా ఈ కొట్టు కాస్తున్నవాడు, తాతల నాటి విత్తనాన్ని దాచుకొచ్చినవాడు, ఇన్ని గింజలు బూడిదలో పోశాడు. ఎందుకు పోశాడు?"

"రక్తం అంటింది కాబట్టి! బుర్రున్న ఎవడైనా..." వాడు నవ్వేశాడు. "పైవాళ్ళకి ఏం చెప్తారు? గింజల కథ చెప్తారా? ఈ నెలలో నా ప్రమోషనుంది. మీ గింజలకోసం నా కేసు నాశనం చెయ్యకండి."

"నీ భుజం మీద చుక్కకోసం ముసలాణ్ణి చంపమంటావా?" అంది హుల్కర్ లేస్తూ. "చచ్చినవాడి దగ్గర దొరికిన నోటుబుక్కేది?"

"సంచీలో ఉంది. అన్నీ అంకెలే."

"చదివావా?"

ఆమె అతని చేతిలోంచి సంచీ లాక్కున్నంత పనిచేసింది.

ఇజ్జత్ ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు పాపం. వరుస వరుసకీ అక్టోబరులో ఎన్ని వేలాడదీశారు, చలికాలంలో ఎన్ని కుళ్ళి పోయాయి అని. ఒకటో వరుస: నూట నలభై, పోయినవి నలభై తొమ్మిది. రెండోది: నూట నలభై, పోయినవి యాభై రెండు. అలా ఆరు దాకా. మందు కొట్టని కాయ కదా, చలికాలం దానికి రావలసిన మూడోవంతు కప్పం కట్టించుకునే పోతుంది. ఎంత పనిమంతుడైనా తప్పించుకోలేడు. ఏడో వరుస దగ్గర రాసింది చూసి హుల్కర్ రెండోసారి చదివింది. నూట నలభై. పోయినవి సున్నా. కింద రెండు గీతలు. పక్కన టైము, పన్నెండూ యాభై అయిదు. ఆ తర్వాత పేజీ ఖాళీ.

ఆమె గబగబా కొట్టులోకి నడిచి ఆరో వరుసలో కాయ మీద చెయ్యి వేసింది. తొక్కమీద నాలుగు చారలు, వేలు పెడితే పల్లంగా తగిలాయి. కోసిన కొత్తలో తొక్క లేతగా ఉన్నప్పుడే ఉట్టిలో పెడతారు, కాయ బరువుకి జమ్ము తాళ్ళ అచ్చులు పడతాయి. తినేదాకా పోవవి. ఏడో వరుస కాయ తడిమింది. నున్నగా ఉంది. పక్కది కూడా నున్నగానే ఉంది. ఆ వరుసలో ఇరవై కాయలు తడిమింది, ఒక్కదానికీ అచ్చు లేదు. చేతిలో ఉన్న తొక్కముక్కలకీ లేదు.

"ఇవి ఎక్కడో పెట్టెల్లో పడుకుని, తొక్క గట్టిపడ్డాక ఈ మధ్యే ఉట్టెక్కినవి," అంది. "కోల్డ్ స్టోరేజీ సరుకు. ఏ మందు కొట్టారో ఏమో, అందుకే ఒక్కటీ కుళ్ళలేదు. అసలు కాయల్ని ఎవడో ముందే అమ్ముకున్నాడు. ముద్ర ఒకటే, బేరాలు రెండు. ఇజ్జత్‌కి అది తెలిసిపోయింది."

దవ్రాన్ కూడా ఒక కాయ తడిమి చూశాడు.

"ఠాణా నించి తాతని తీసుకురా. సంకెళ్ళు తీసి తీసుకురా."

"సంకెళ్ళు తియ్యను," అన్నాడు. అదొక్కటీ అయినా గెలవాలిగా మరి.

పదకొండుంబావుకి మత్యాకుబ్ వచ్చి తిరగేసిన గంపమీద కూచున్నాడు. సన్నగా, పొడుగ్గా, కీళ్ళు తేలిన చేతులు. హుల్కర్ రొట్టె తుంచి ఇచ్చింది. తినలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తాతా, ఎందుకు చంపావు?"

"నా కాయల్లో మందుందన్నాడు. కోపం వచ్చింది."

"ఏ చేత్తో కొట్టావు?"

"రెండు చేతుల్తో. కాయ ఎత్తి."

"ఏ వరుస కాయ?"

"ఏడు."

"అది నీ కాయ కాదు తాతా."

ముసలాడు తలెత్తలేదు.

"గింజలు చూశావు. నీ విత్తనం కాదని అక్కడే తెలిసిపోయింది. నీదైతే రక్తంలోంచి ఏరి కడుక్కునేవాడివి. నీది కాదు కాబట్టి బూడిదలో పోశావు. అంటే నిన్న ఒంటిగంటా యాభై దాకా నీకు ఈ మోసం సంగతే తెలీదు. తెలీనివాడికి కోపం ఎందుకొస్తుంది? ఎందుకు చంపుతాడు?"

"నేనే చంపాను. రాసుకో."

"ఏడో వరుస ఎవరిది?"

ముసలాడి వేళ్ళు రొట్టెముక్కని నలిపేస్తున్నాయి.

"దూలానికి కట్టిన చెక్కమీద పేరుంది తాతా. నేను చదువుకున్నదాన్నే. సనోబర్‌ది."

అంతే, ముసలాడు గంపమీంచి జారి మోకాళ్ళమీద పడ్డాడు. "దాన్ని వదిలెయ్యి తల్లీ! నీ కాళ్ళు పట్టుకుంటా. నా కొడుకు పోయేముందు నా చేతిలో పెట్టి పోయాడు దాన్ని. పోయిన ఏడు దాని పొలం సగం మంచుకే పోయింది. నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు నన్ను. ఏదో గతిలేక చేసుంటుంది. చూసినవాడు నిలదీసుంటాడు. నేను ఇవాళో రేపో పోయేవాణ్ణి. దాని వయసు ముప్పై. కాగితం మీద నా పేరే ఉండనియ్యి."

హుల్కర్ ముసలాణ్ణి రెండు చేతులా లేపి కూచోబెట్టింది. "ఏడవకు. నేనడిగినవాటికి జవాబు చెప్పు. ఈ కాయలు ఇక్కడికొచ్చి నెల దాటలేదు. తాళంచెవి ఎప్పుడూ నీ మొలతాడుకే ఉంటుందిగా?"

"నిద్రలో కూడా."

"ఫిబ్రవరిలో దగ్గుతో ఆసుపత్రిలో పడ్డావు. ఎన్నాళ్ళు?"

"పన్నెండు రోజులు. వచ్చాక కూడా దగ్గుకి లోపలి వరుసల దాకా పోలేకపోయాను."

"నీ దగ్గర ఎవరున్నారు?"

"ఇంకెవరుంటారు? సనోబరే. పన్నెండు రోజులూ నా మంచం పక్కన నేలమీదే పడుకుంది. నర్సు పొమ్మన్నా పోలేదు..." ముసలాడు ఆగిపోయాడు.

"ఉన్న కాయలన్నీ దించి, వేరే నూట నలభై ఎక్కించాలి. ఒక్కపూట పని కాదు. తాళంచెవి ఎవరికిచ్చి ఆసుపత్రికి పోయావు?"

దవ్రాన్ గోడకి ఆనుకున్నవాడల్లా ముందుకొచ్చాడు.

"చెప్పు తాతా," అంది హుల్కర్. "నిన్న సనోబర్ ఇక్కణ్ణించి పరిగెత్తడం నువ్వు కళ్ళారా చూశావా?"

"లేదు. నేను వచ్చేసరికి... శవం దగ్గర అతనున్నాడు. 'నీ కోడలు ఏడుస్తూ వెనకవైపు నించి పారిపోయింది, నా కళ్ళతో చూశాను. ఏడో వరుస దానిదేగా? బతికున్నంతకాలం జైల్లోనే ఉంటుంది. నువ్వు పెద్దవాడివి, ఏదో ఒకటి ఆలోచించు' అన్నాడు." ముసలాడి గొంతు సన్నబడిపోయింది. "తాళంచెవి కూడా అతనికే ఇచ్చి పోయాను తల్లీ."

"పేరు చెప్పు."

"బెక్చాన్."



"ఒరే ముసలాడా," అన్నాడు మత్యాకుబ్ తనని తానే. సంకెళ్ళ చేతులు ఎత్తి నుదురు కొట్టుకున్నాడు. "పన్నెండు రోజులూ కళ్ళెదుటే ఉందిగా పిల్ల! ఒక్కసారి వేళ్ళమీద లెక్కపెట్టుకుంటే తెలిసేదిగా! దాన్నెలా అనుమానించాన్రా నేను!"

హుల్కర్ అప్పటికే గుమ్మం దాటింది. ఆసుపత్రి మంచం పక్కన పన్నెండు రోజులున్న మనిషికి, ఆ పన్నెండు రోజులూ తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా తెలుసు. హత్య ఒప్పుకున్న ముసలాడి మాట కోర్టు నమ్మదు, ఆ ముక్క సాక్ష్యం చెప్పగలిగింది సనోబర్ ఒక్కతే. ఆమె ఎండలోకొచ్చి గేటువైపు చూసింది. అక్కడ కానిస్టేబుల్ తప్ప ఎవరూ లేరు.

"సనోబర్ ఏది?"

కానిస్టేబుల్ దవ్రాన్ వంక చూశాడు. దవ్రాన్ మొహంలో రంగు మారింది.

"నేనే పంపించాను. ముసలాణ్ణి తేవడానికి వెళ్ళినప్పుడు గేటు దగ్గర ఒకటే ఏడుపు. లాయర్ని మాట్లాడ్డానికి ఉర్గెంచ్ తీసుకెళ్తానన్నాడు అధ్యక్షుడు. ఆవిడ రానంది... మీరు కదలొద్దన్నారని." వాడు తల దించుకున్నాడు. "నేనే చెప్పాను వెళ్ళమని."

"ఎన్నింటికి?"

"పదకొండూ పదికి. తెల్లకారు."

"నేను కదలొద్దన్న మనిషిని నువ్వు హంతకుడి కారెక్కించావు!" హుల్కర్ కేక వీధిలోకి వినబడింది. "ఉర్గెంచ్‌కి దారి ఒకటే. కాలువ వంతెన దగ్గర మీ చెక్‌పోస్టుందిగా, ఫోన్ చెయ్యి. కారు ఆపమను!"

సనోబర్ ఫోన్ మోగలేదు, ఆపేసి ఉంది. దవ్రాన్ చెక్‌పోస్టుకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. ముసలాడు ఎప్పుడొచ్చాడో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. టైము పదకొండూ నలభై.

"తెల్లకారా? బెక్చాన్ అన్నదేగా సార్?" అవతలివాడు హుషారుగా ఉన్నాడు. "దాటి నాలుగైదు నిమిషాలైంది. అన్న నాకో ఖర్బూజా కూడా ఇచ్చి పోయాడు."

"కారులో ఆడమనిషి ఎలా ఉంది? ఏడుస్తోందా?"

"ఆడమనిషా? లేదే సార్. అన్నొక్కడే ఉన్నాడు. డిక్కీ కూడా నేనే తెరిచి చూశాను, కాయలే."

"ఇక్కణ్ణించి వంతెన పన్నెండు కిలోమీటర్లు," అన్నాడు దవ్రాన్ ఎండిన గొంతుతో. "పావుగంట దారి. వాడికి పాతిక నిమిషాలు పట్టింది. మధ్యలో ఎక్కడో పది నిమిషాలు ఆగాడు. కానీ అక్కడేముంది, అంతా బీడేగా!"

"ఒకటుంది," అన్నాడు మత్యాకుబ్.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ముసలాడు అప్పటికే జీపువైపు నడుస్తున్నాడు, సంకెళ్ళతోనే.

"బంగాళాదుంపలకని నాలుగేళ్ళ కింద కట్టించాడు. కోల్డ్ స్టోరేజీ. మూతబడిందని చెప్పాడు అందరికీ. తలుపు బిగించిననాడు నేనూ వెళ్ళాను." జీపు మెట్టు మీద కాలుపెట్టి హుల్కర్ వంక చూశాడు. "తొందరగా పోనివ్వు తల్లీ. ఆ తలుపుకి లోపలివైపు పిడి లేదు."